అట్లాంటా నుంచి మాంట్‌గోమరీ దాకా: నల్లజాతి చర్చిల్లో ఎనిమిది రోజులు

ఒంగోలు తిరిగొచ్చి పది రోజులైంది. రాత్రిళ్లు ఇంకా రెండింటికే మెలకువ వస్తోంది. ఆ వేళలో కూర్చుని, నోట్‌బుక్‌లో గీసుకున్న ముక్కలన్నీ ఒకచోట పెట్టి ఇది రాస్తున్నాను. మా అమ్మాయి అట్లాంటా శివారులో ఉంటుంది. మూడు నెలలు ఉండి రమ్మని పిలిస్తే వెళ్లాను. అందులో ఈ ఎనిమిది రోజుల గురించే చెప్పాలనిపించింది.

2024 అక్టోబర్ 20, ఆదివారం. అట్లాంటా

మా అల్లుడి ఆఫీసులో పనిచేసే ఒకాయన, "మీ అత్తగారు బాప్టిస్టు అన్నావు కదా, మా చర్చికి తీసుకురా" అన్నారట. నగరానికి దక్షిణంగా, చిన్న ఇళ్ల మధ్య ఎర్ర ఇటుకల గుడి. గుమ్మం దగ్గర తెల్ల బట్టలు, తెల్ల గ్లౌజులు వేసుకున్న ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఒకామె నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి మూడో వరసలో కూర్చోబెట్టి, చేతిలో అట్ట విసనకర్ర పెట్టింది. దానికి ఒకవైపు మార్టిన్ లూథర్ కింగ్ బొమ్మ, రెండోవైపు అంత్యక్రియలు జరిపించే దుకాణం ప్రకటన. లోపల ఏసీ ఉంది. అయినా పెద్దవాళ్లందరూ విసురుకుంటూనే ఉన్నారు, అది చేతికి అలవాటైన పని.

ఆరాధన మూడు గంటలు సాగింది. పాస్టరు గారు ఒక మాట అంటే సంఘం ఇంకో మాట కలుపుతుంది. మన దగ్గర "ఆమేన్ చెప్పండి" అని అడిగించుకుని చెప్తాం. అక్కడ అడగక్కర్లేదు. "చెప్పండి, చెప్పండి" అని వెనకనుంచి ఓ ముసలాయన పాస్టరు గారిని ముందుకి తోస్తూనే ఉన్నాడు.

పాటలకన్నా, వాక్యంకన్నా నా మనసులో నిలిచినవి ప్రకటనలు. బుధవారం సాయంత్రం తిండి సామాన్లు పంచుతారు. ఆరాధన అయ్యాక కింద హాల్లో బీపీ, షుగర్ చూస్తారు. జైలు నుంచి బయటికొచ్చిన వాళ్లకి పని వెతికిపెట్టే గుంపు గురువారం కలుస్తుంది. ముందస్తు ఓటింగ్ జరుగుతోంది కాబట్టి వచ్చే ఆదివారం చర్చి వ్యాన్లు పోలింగ్ కేంద్రానికి తిరుగుతాయి. ఎవరికి వెయ్యాలో మాత్రం చెప్పలేదు. పన్ను మినహాయింపు ఉన్న చర్చిలు, దాతృత్వ సంస్థలు ఒక అభ్యర్థిని బలపరచకూడదని అక్కడ చట్టం. "ఓటు వేసిరండి, అంతే" అన్నారు పాస్టరు గారు.

తర్వాత కింద హాల్లో భోజనాలు. వేయించిన కోడి, చీజ్ వేసి బేక్ చేసిన మాకరోనీ, మొక్కజొన్న రొట్టె, పొగబెట్టిన మాంసంతో గంటలకొద్దీ ఉడికించిన కాలర్డ్ ఆకుకూర. పక్కన అలసందల కూర, బెండకాయ వేపుడు. బెండకాయ చూడగానే ప్రాణం లేచొచ్చింది. అది ఆఫ్రికా నుంచి తమ వాళ్లతోపాటే వచ్చిందని వడ్డించే ఆవిడ చెప్పింది.

నా ఎదురుగా ఎనభై నాలుగేళ్ల పెద్దావిడ కూర్చుంది. ఊదారంగు టోపీ పెట్టుకుంది. చర్చిలో అందరూ ఆమెని "మదర్" అనే పిలుస్తారు. మన దగ్గర సంఘంలో పెద్దావిడని అమ్మగారూ అన్నట్టే. నన్ను చాలా అడిగింది. మా చర్చి వయసెంత, ఎంతమంది వస్తారు, పాటలు ఏ భాషలో పాడతారు. చివరికి, "మీ చర్చి ఏం చేస్తుంది?" అంది. స్త్రీల సమాజం గురించి, క్రిస్మస్ పేదల విందు గురించి చెప్పాను.

"అది మంచిదే హనీ. నేనడిగేది, మీ మనుషుల మీదకి ఏదైనా వచ్చినప్పుడు మీ చర్చి ఏం చేస్తుందని?"

నాకొక జవాబు ఉంది. కానీ అది నోటిదాకా రాలేదు. మళ్లీ ఆదివారం వస్తానని చెప్పి లేచాను.

అక్టోబర్ 21, సోమవారం. ఆబర్న్ వీధి

కింగ్ పుట్టిన ఇల్లు మరమ్మతుల కోసం మూసి ఉంది, రోడ్డు మీద నుంచే చూశాం. అక్కడికి దగ్గర్లోనే ఎబినేజర్ బాప్టిస్టు చర్చి. 1886లో పెట్టిన సంఘం. కింగ్ తాతగారు అక్కడ పాస్టరు, తండ్రి పాస్టరు, తర్వాత ఆయన. 1974 జూన్ 30న, ఆదివారం ఆరాధనలో ఆర్గన్ వాయిస్తుండగా కింగ్ తల్లి ఆల్బర్టా గారిని ఒకడు కాల్చి చంపాడు. కొడుకు పోయిన ఆరేళ్లకి. ఈ సంగతి నాకు అంతకుముందు తెలియదు. రోడ్డుకి అటువైపున్న కొత్త భవనంలో ఇప్పుడు ఆరాధన జరుగుతోంది. ఈ చర్చి పాస్టరు రాఫేల్ వార్నాక్ అమెరికా సెనేటర్ కూడా.

1959లో కింగ్ మన దేశం వచ్చినప్పుడు త్రివేండ్రంలో ఒక దళిత పిల్లల బడికి వెళ్లారు. అక్కడి హెడ్‌మాస్టరు ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన సాటి అంటరానివాడిగా పిల్లలకి పరిచయం చేశారు. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచించాక అవును, నేను అంటరానివాడినే అనుకున్నానని ఆయన 1965లో ఇదే సంఘానికి చెప్పారు.

ఆ మెట్ల మీద కూర్చుంటే మా ఊరు గుర్తొచ్చింది. మా సంఘాన్ని నాటింది కూడా అమెరికా బాప్టిస్టులే. కరువుకాలంలో మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని మా మాదిగపల్లెల వాళ్లకి పనిపెట్టాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ వరసలో మా తాతగారి తాత కూడా ఉన్నాడని ఇంట్లో చెప్పుకుంటారు. అక్షరం, ఆసుపత్రి మాకు అలా వచ్చాయి. కానీ చర్చి స్థలం మిషన్‌ది, జీతం మిషన్‌ది, పెత్తనం మిషన్‌ది. ఇక్కడ అలా కాదు. బానిసత్వం నుంచి బయటపడ్డ మనుషులు తమ చేతుల్తో, తమ డబ్బుతో కట్టుకున్న గోడలివి. ఈ తేడా ఎంత పెద్దదో నాకు మాంట్‌గోమరీ వెళ్లాకగానీ పూర్తిగా తెలిసిరాలేదు.

అక్టోబర్ 22, మంగళవారం. బర్మింగ్‌హామ్

పొద్దున్నే మా అల్లుడు, నేను కారులో బయల్దేరాం. అమ్మాయికి సెలవు దొరకలేదు. అలబామాలోకి అడుగుపెట్టగానే గడియారం గంట వెనక్కి వెళ్లింది.

పదహారో వీధి బాప్టిస్టు చర్చి రెండు బురుజులతో, పెద్ద నియాన్ బోర్డుతో ఉంది. 1911లో కట్టారు. గీసింది వాలెస్ రేఫీల్డ్ అనే నల్లజాతి ఆర్కిటెక్టు. 1963 సెప్టెంబర్ 15, ఆదివారం. యువజనుల ఆదివారం కాబట్టి ఆడపిల్లలు కింద గదిలో అద్దం ముందు ముస్తాబవుతున్నారు. పది గంటల ఇరవై రెండు నిమిషాలకి మెట్ల కింద కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార గుంపు వాళ్లు పెట్టిన బాంబు పేలింది. యాడీ మే కాలిన్స్, సింథియా వెస్లీ, కరోల్ రాబర్ట్‌సన్ పద్నాలుగేళ్ల పిల్లలు. డెనిస్ మెక్‌నేర్‌కి పదకొండు. యాడీ చెల్లెలు సారా ఒక కన్ను పోగొట్టుకుంది. అదే రోజు నగరంలో ఇంకో ఇద్దరు నల్లజాతి మగపిల్లలు కూడా తూటాలకి పోయారు, వాళ్లని ఎవరూ తలుచుకోరు. మొదటి ముద్దాయికి శిక్ష పడింది 1977లో. చివరివాడికి 2002లో, ముప్పై తొమ్మిదేళ్లకి.

మాకు చూపించిన పెద్దాయన ఆ సంఘం సభ్యుడే. గొంతు పెంచకుండా, ఎక్కడా ఆగకుండా చెప్పాడు. పైన వెనకవైపు ఒక రంగు అద్దాల కిటికీ ఉంది. నల్లని క్రీస్తు సిలువ మీద చేతులు చాచి ఉంటాడు, ఒక చెయ్యి అన్యాయాన్ని అడ్డుకుంటుంది, రెండోది క్షమిస్తుంది. అది వేల్స్ దేశ ప్రజలు పంపింది, 1965లో బిగించారు. అక్కడి పత్రిక చందాలు అడిగినప్పుడు ఒక్కొక్కరూ అర క్రౌన్ అనే నాణేనికి మించి ఇవ్వకూడదని షరతు పెట్టిందట. డబ్బున్నవాడొకడు మొత్తం తనే ఇచ్చేసి పేరు వేయించుకోకుండా. ఈ మాట నేను రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నాను.

బాంబు పేలడానికి నాలుగు నెలల ముందు సంగతి కూడా ఈ చర్చిదే. మే నెలలో బడి మానేసిన పిల్లలు ఇక్కడ ప్రార్థన చేసుకుని, పాడుకుంటూ ఈ తలుపుల్లోంచే జట్లుజట్లుగా బయటికి నడిచారు. ఎదురుగా ఉన్న పార్కులో వాళ్ల మీదకి కుక్కల్ని వదిలారు, ఫైరింజన్ల నీళ్లు కొట్టారు. పిల్లలు క్లాసులోంచి వెళ్లిపోతుంటే కొందరు టీచర్లు కావాలనే బోర్డువైపు తిరిగి నిలబడ్డారట. ఆ టీచర్లు తమ పేరుతో ఉద్యమంలోకి వస్తే ఉద్యోగం ఉండదు. పాస్టరుకి ఆ భయం లేదు, అతని జీతం సంఘం కానుకల్లోంచే వస్తుంది. 1956లో అలబామాలో ఎన్ఏఏసీపీ అనే నల్లజాతి హక్కుల సంస్థ పనిచేయకుండా కోర్టు ఆపేస్తే, కొద్ది రోజుల్లోనే ఫ్రెడ్ షటిల్స్‌వర్త్ అనే పాస్టరు చర్చిలోనే కొత్త సంఘం పెట్టాడు. ఆ ఏడు క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటిని బాంబుతో కూల్చారు. శిథిలాల్లోంచి ప్రాణాలతో లేచొచ్చాడు.

"అన్ని చర్చిలూ తలుపులు తెరిచాయా?" అని అడిగాను.

"లేదమ్మా. చాలామంది భయపడ్డారు. కొందరికి ఇది దేవుడి పని కాదనిపించింది" అన్నాడు పెద్దాయన. ఈ గొడవే పెరిగి 1961లో నల్లజాతి బాప్టిస్టుల జాతీయ సభ చీలిపోయిందని, కింగ్ వైపువాళ్లు వేరే సభ పెట్టుకున్నారని కూడా చెప్పాడు. దాచకుండా చెప్పినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మధ్యాహ్నం అక్కడివాళ్లు "మీట్ అండ్ త్రీ" అనే భోజనం. ఒక మాంసం, మూడు కూరలు. పళ్లెం 14 డాలర్లు, మన లెక్కన 1,200 రూపాయలకి దగ్గర. ఇద్దరం ఒక్క పళ్లెంతోనే సరిపెట్టుకున్నాం, అంత పెట్టారు.

అక్టోబర్ 23, బుధవారం. దారి తప్పి మారియన్, తర్వాత సెల్మా

ఫోన్‌లో సిగ్నల్ పోయింది, ఎక్కడో ఒక మలుపు తప్పాం. అడవి, చెరువులు, మళ్లీ అడవి. మా అల్లుడికి టెన్షన్ మొదలైంది. "అత్తయ్యగారూ, గంట ఆలస్యమయ్యేలా ఉంది, ఏమనుకోకండి" అన్నాడు. చివరికి ఒక చిన్న ఊరి కోర్టు ముందు తేలాం. బోర్డు చూస్తే మారియన్.

పెట్రోలు బంకులో ఒకాయన్ని సెల్మా దారి అడిగాం. చెప్పి ఊరుకోలేదు. "ఇంతదాకా వచ్చారు, జయన్ చర్చి చూడకుండా పోతారా?" అంటూ తన బండి ముందు పోనిచ్చి కోర్టు దగ్గరున్న ఆ చర్చి చూపించాడు. 1965 ఫిబ్రవరి 18 రాత్రి అక్కడ సభ జరిగింది. బయటికొచ్చిన జనాన్ని పోలీసులు తరిమి కొట్టారు. పక్కనున్న హోటల్లో తల్లిని, తాతని కాపాడబోయిన జిమ్మీ లీ జాక్సన్‌ని ఒక ట్రూపర్, అంటే రాష్ట్ర పోలీసు, కాల్చాడు. అతనికి ఇరవై ఆరేళ్లు, ఈ ఊళ్లోనే బాప్టిస్టు చర్చిలో డీకన్. ఎనిమిది రోజులకి సెల్మా ఆసుపత్రిలో చనిపోయాడు. కాల్చినవాడు 2010లో నేరం ఒప్పుకుంటే పడిన శిక్ష ఆరు నెలలు.

ఆ చావుతోనే ఓటుహక్కు కోసం సెల్మా నుంచి రాష్ట్ర రాజధాని మాంట్‌గోమరీకి నడవాలన్న ఆలోచన పుట్టింది. దారి తప్పకపోతే నేను సెల్మాని వంతెన దగ్గర మొదలుపెట్టి ఉండేదాన్ని. అది మారియన్‌లో మొదలైంది.

సెల్మాలో సగం దుకాణాలకి చెక్కలు కొట్టి ఉన్నాయి. 2023 జనవరిలో వచ్చిన టోర్నడో దెబ్బలు ఇంకా మానలేదు. బ్రౌన్ చాపెల్ ఏఎంఈ (ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్) చర్చికి మరమ్మతులు జరుగుతున్నాయి, లోపలికి వెళ్లలేకపోయాం. దాని ఎదురుగా ప్రభుత్వం కట్టించిన చిన్న ఇటుక ఇళ్లున్నాయి. ఆ రోజుల్లో బయటినుంచి వచ్చిన వాళ్లకి పడక, భోజనం పెట్టింది ఆ ఇళ్లవాళ్లే. 1965 మార్చి 7న సుమారు ఆరువందల మంది ఈ చర్చి నుంచే బయల్దేరి వంతెన దాటగానే పోలీసు లాఠీలకి, బాష్పవాయువుకి దొరికారు. దెబ్బలు తిన్నవాళ్లు వెనక్కి పరుగెత్తింది కూడా ఈ చర్చికే.

వంతెన నడిచి దాటాను. మధ్యలో ఎత్తుగా ఉంటుంది, పైదాకా వెళ్తేగానీ అవతల ఎవరున్నారో కనపడదు. దానికి ఇప్పటికీ ఎడ్మండ్ పెట్టస్ పేరే ఉంది. అతను బానిసత్వం కోసం పోరాడిన సైన్యాధికారి, అలబామా క్లాన్ నాయకుడని కూడా చెబుతారు.

అక్టోబర్ 24, 25. మాంట్‌గోమరీ

మొదటి రోజు లించింగ్ మృతుల స్మారకానికి వెళ్లాం. మ్యూజియంతో కలిపి టికెట్ 5 డాలర్లే. 1877 నుంచి 1950 దాకా మూకలు చంపిన 4,400 మందికి పైగా మనుషుల కోసం ఎనిమిది వందలకి మించిన ఇనుప స్తంభాలు. మొదట మన ఎదురుగా నిలబడి ఉంటాయి. నడుస్తుంటే నేల దిగిపోతుంది, స్తంభాలు తల మీద వేలాడతాయి. పక్కన గోడ మీద కొందరిని ఎందుకు చంపారో రాశారు. ఎలిజబెత్ లారెన్స్, బర్మింగ్‌హామ్, 1933. రాళ్లు విసిరిన తెల్లపిల్లల్ని మందలించినందుకు. ఆమె టీచరు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో నేను ఎంతమంది పిల్లల్ని కేకలేశానో. ఆ గోడ దగ్గర కూర్చుండిపోయాను. మా అల్లుడు ఏమీ మాట్లాడకుండా నీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

రెండో రోజు డెక్స్‌టర్ వీధి చర్చి. రాష్ట్ర శాసనసభ భవనం దీని గుమ్మంలోంచి కనిపిస్తుంది, అంత దగ్గర. 1954లో ఇరవై అయిదేళ్ల కింగ్ ఇక్కడ పాస్టరుగా చేరాడు. మరుసటి ఏడు డిసెంబర్‌లో బస్సులో తెల్లవాడికి సీటు ఇవ్వనందుకు రోజా పార్క్స్ అరెస్టయిన రాత్రి, ఈ సంఘం సభ్యురాలు, కాలేజీ టీచరు జో ఆన్ రాబిన్సన్ తెల్లవార్లూ కూర్చుని బస్సులు ఎక్కొద్దని వేలకొద్దీ కరపత్రాలు అచ్చువేసింది. బస్సులు మానేసిన 381 రోజులూ పనులకి వెళ్లేవాళ్లని మోయడానికి స్టేషన్ వ్యాగన్లు కొని చర్చిల పేరున రిజిస్టర్ చేశారు. వాటిని "నడిచే చర్చిలు" అనేవాళ్లట. ఇంకో వీధిలో కింగ్ సహచరుడు రాల్ఫ్ అబర్నతీ పాస్టరుగా పనిచేసిన ఫస్ట్ బాప్టిస్టు చర్చి ఉంది. దాన్ని కట్టేటప్పుడు సభ్యులు రోజుకో ఇటుక తెచ్చిచ్చేవాళ్లు కాబట్టి దానికి "రోజుకో ఇటుక చర్చి" అని పేరు. 1957 జనవరి 10న ఒక్క రాత్రిలో నగరంలో నాలుగు నల్లజాతి చర్చిల మీద బాంబులు పడ్డాయి, అందులో ఇదొకటి.

ఇదంతా నడవడానికి డబ్బు ఎక్కడిది? జార్జియా గిల్మోర్ గురించి అక్కడే విన్నాను. ఆమె హోటల్లో వంటమనిషి. కింగ్ విచారణలో సాక్ష్యం చెప్పినందుకు పని పోయింది. ఇంట్లోనే వండటం మొదలుపెట్టింది. తనలాంటి ఆడవాళ్లని కూడగట్టింది. వాళ్లు కేకులు, చిలగడదుంప పైలు, కోడి సాండ్‌విచ్‌లు చేసి బ్యూటీ పార్లర్లలో, వీధుల్లో అమ్మేవాళ్లు. కొన్నది ఎవరో, చేసింది ఎవరో బయటికి తెలియకూడదు, తెలిస్తే పనులు పోతాయి. డబ్బు ఎక్కడిదని అడిగితే "ఎక్కడినుంచీ కాదు" అనేవాళ్లు. ఆ గుంపు పేరే అదైంది. సభలో ఆ వారం ఎంత తెచ్చారో చదువుతుంటే జనం లేచి చప్పట్లు కొట్టేవాళ్లట.

మాకు గుప్పెడు బియ్యం ఉంది. అన్నం వండే ముందు ప్రతి ఇంట్లో ఆడమనిషి ఒక గుప్పెడు తీసి పక్క డబ్బాలో వేస్తుంది, ఆదివారం అది చర్చికి చేరుతుంది. మా అమ్మ జీవితమంతా వేసింది. నేనూ వేస్తున్నాను.

1985 జూలైలో కారంచేడు జరిగింది. మా మాదిగల్ని వెంటాడి చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, ఉద్యోగం కొత్త. మా చర్చి ఆడవాళ్లం గుప్పెడు బియ్యం డబ్బాలన్నీ బోర్లించి, బస్తాలు కట్టి చీరాల తీసుకెళ్లాం. ఆ ఆదివారం గుడి నిండా జనం. పాస్టరు గారు లోకశాంతి కోసం ప్రార్థించారు. కారంచేడు అన్న మాట ఆయన నోట రాలేదు. ఆ తర్వాత ఆదివారమూ రాలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. మా పిల్లలకి చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు. అడ్మిషన్ ఫారాల్లో "హిందూ, మాదిగ" అని నా చేత్తో నేనే రాశాను. రేపు ఎవరు ఏ కాగితం తిరగేస్తారోనని గుడిలో కులం మాటెత్తడానికి భయం. కులం కోసం చంపబడ్డవాళ్ల పేరు పలకడానికి కూడా భయం. డెక్స్‌టర్ చర్చిలో కింగ్ నిలబడి ప్రసంగించిన బల్ల ముందు ఇదంతా నాలో కదిలింది. మా బియ్యం చీరాల దాకా వెళ్లింది, మా గొంతు గుమ్మం కూడా దాటలేదు.

అక్టోబర్ 27, ఆదివారం. మళ్లీ అట్లాంటా

మదర్ అదే వరసలో కూర్చుని ఉంది, ఈసారి పసుపు టోపీ. భోజనాల దగ్గర నేనే వెళ్లి చెప్పాను. కారంచేడు, బియ్యం బస్తాలు, ఆ ఆదివారపు ప్రార్థన, రెండు పేర్లు. నా ఇంగ్లీషు తడబడినచోట మా అమ్మాయి అందుకుంది. ఆవిడ విసనకర్ర ఆపి విన్నది. తన చిన్నప్పటి పాస్టరు కూడా అలాగే ఉండేవాడని, ఆయన నోరు తెరిచేదాకా ఆడవాళ్లు వంటగదిలోనే సభలు పెట్టుకున్నారని చెప్పింది. తర్వాత, "ఆ ఊళ్లో పోయినవాళ్ల పేర్లు నీకు తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. చెప్పమంది. గుర్తున్నంతవరకు చెప్పాను. ఆమె ఒక్కొక్క పేరునీ తనకి పలికినట్టు తిరిగి పలికింది.

బయట వ్యాన్లు వచ్చాయి. జార్జియాలో 2021లో చేసిన చట్టం ప్రకారం పోలింగ్ భవనానికి 150 అడుగుల లోపు క్యూలో ఉన్నవాళ్లకి తిండి, నీళ్లు ఇవ్వకూడదు. అందుకని అందరికీ ఇక్కడే కడుపునిండా పెట్టి ఎక్కిస్తున్నారు. మదర్‌ని ఇద్దరు కుర్రాళ్లు చెరోవైపు పట్టుకుని మొదటి వ్యాన్ ఎక్కించారు. ఓటు లేని నేను వంటగదిలోకి వెళ్లాను. అక్కడ నలుగురు ఆడవాళ్లు గిన్నెలు తోముతున్నారు. ఒకామె ఏమీ అడగకుండా నా భుజం మీద తువ్వాలు వేసింది. నాలుగో వ్యాన్ తిరిగొచ్చేసరికి రెండున్నర అయింది, ఆఖరి గిన్నెలు తుడుస్తున్నాం.